టిక్కులన్నీ ఉన్నాయి, పుండు కూడా ఉంది: కేర్ హోమ్ నిర్లక్ష్యంపై ఒక కేస్ స్టడీ

కేర్ హోమ్ నుంచి వచ్చిన మనిషి నడుము కింద ఒత్తిడి పుండు (ఒకే పక్కన పడుకుని ఉండటం వల్ల పడే బెడ్ సోర్) కనబడగానే "సరిగా చూసుకోలేదు" అనేస్తాం. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. అయితే ఆ ఒక్క మాటతో వెళ్లిన ఫిర్యాదు మొదటి విచారణలోనే పడిపోతుంది. బాగా చూసుకుంటున్న చోట కూడా చివరి దశలో ఉన్నవాళ్లకు, రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకు పుండ్లు పడతాయి. నిర్లక్ష్యం పట్టుబడేది పుండు దగ్గర కాదు, పుండుకూ, పక్క మార్చామని, తిండి పెట్టామని రోజూ నింపే చార్ట్‌కూ పొంతన కుదరని చోట. ఈ కేసంతా ఆ పొంతన గురించే.

ఇది ఒక్క మనిషి కేసు కాదు. ఒకే తీరులో నడిచే కేసులను కలిపి, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి కూర్చింది. అంకెలు ఇలాంటి కేసుల్లో మామూలుగా కనిపించే స్థాయివే.

వచ్చినప్పటి స్థితి

78 ఏళ్ల మహిళ. రెండేళ్ల కిందటి పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అడిగింది అర్థమవుతుంది, తల ఊపి అవును, కాదు చెప్పగలరు. 14 నెలలుగా కేర్ హోమ్‌లో ఉంటున్నారు. నెల 19వ తేదీ సాయంత్రం 6:40కి అంబులెన్స్‌లో క్యాజువాలిటీకి తెచ్చారు. వెంట వచ్చిన ఉత్తరంలో రెండు ముక్కలే ఉన్నాయి: "జ్వరం. మత్తుగా ఉంది." పుండు ఊసే లేదు.

జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్, నాడి 118, రక్తపోటు 92/54. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది, బుగ్గల లోపల తెల్లటి పూత. ఎడమచేతి గోళ్ల కింద ఎండిన మలం. డయాపర్ విప్పితే దాని కింద ఇంకొకటి, రెండూ తడిసి బరువెక్కి ఉన్నాయి. ఈ రెండో డయాపర్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రాత్రంతా మార్చబోమని ముందే అనుకున్నవాళ్లే అలా కడతారు. దాన్ని తప్పకుండా రాయాలి.

త్రికాస్థి (నడుము కింద, వెన్ను చివరి భాగంలోని ఎముక) మీద 7 × 5 సెంటీమీటర్ల పుండు. పైన నల్లటి పెచ్చు, అంచులు మెత్తబడి దుర్వాసన. తొడల మడతల్లో చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. రక్తంలో సోడియం లీటరుకు 158 మిల్లీమోల్ (మామూలుగా 135 నుంచి 145; ఒంట్లో నీరు తగ్గితే పెరుగుతుంది). బెడ్ స్కేల్ మీద బరువు 45.5 కిలోలు.

మొదటి రెండు గంటల్లో చేయాల్సింది

ముందు చికిత్స. కల్చర్‌కు రక్తం తీయడం, యాంటీబయాటిక్, సెలైన్, వీటిలో దేన్నీ ఫిర్యాదు కోసం ఆపకూడదు. అయితే ఒక్క పని మాత్రం సర్జన్ పుండును శుభ్రం చేయకముందే అయిపోవాలి: ఫొటో. చచ్చిన కండ తీసేశాక పుండు పెద్దదవుతుంది, లోతు పెరుగుతుంది, రంగు మారుతుంది. ఆ తర్వాత తీసిన ఫొటో చూపిస్తే "ఇది మీ సర్జన్ కోసిన గాయం" అని అవతలి వకీలు ఒక్క మాటలో కొట్టిపారేస్తాడు.

ఫొటోలు రెండు కావాలి. ఒకటి దూరం నుంచి, పుండు ఒంటి మీద ఎక్కడుందో తెలిసేలా. రెండోది దగ్గర నుంచి, పక్కన సెంటీమీటర్ స్కేలు, కేస్ నంబర్, తేదీ, సమయం రాసిన చీటీ పెట్టి. ముఖం పడకూడదు. కొలత ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉండాలి: తల నుంచి కాళ్ల వైపు పొడవు, దానికి అడ్డంగా వెడల్పు, తడిపిన స్టెరైల్ స్వాబ్‌తో లోతు. చర్మం కింద గుల్ల ఉంటే తల వైపును 12 గంటలుగా అనుకుని "3 నుంచి 6 గంటల దిశలో 2 సెంటీమీటర్లు" అని గడియారం లెక్కన రాయాలి. రేపు ఇంకొకరు కొలిచినా పోల్చుకోవడానికి వీలుంటుంది.

ఒత్తిడి పుండు ఎంత లోతుకు వెళ్లిందో 1 నుంచి 4 దాకా దశల్లో రాస్తారు. ఆ దశ రాయడంలో తొందర పనికిరాదు. నల్లపెచ్చు కప్పి ఉన్నంతసేపూ పుండు అడుగు కనబడదు, కాబట్టి అది "దశ నిర్ణయించలేని పుండు". చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా మొదటి రోజు 4వ దశ అని రాయకూడదు. ఈ కేసులో మూడో రోజు పెచ్చు తీశాక ఎముక తగిలింది. అప్పుడు, ఆ తేదీతో, వేరే ఎంట్రీగా 4వ దశ అని రాశారు. ముందు రాసినదాన్ని దిద్దలేదు.

తొడల మడతల్లోని ఎరుపు వేరే సంగతి. ఎముక ఉబ్బు లేని చోట, అంచులు తేలకుండా పరుచుకున్న ఎరుపు మూత్రం, మలం తడి వల్ల వచ్చే చర్మవాపు, ఒత్తిడి పుండు కాదు. రెండింటినీ కలిపి "పలుచోట్ల బెడ్ సోర్లు" అని రాస్తే ఒకటి తప్పని తేలినప్పుడు రెండోదాని మీదా నమ్మకం పోతుంది. విడివిడిగా రాస్తే రెండూ పనికొస్తాయి: ఒకటి పక్క మార్చలేదని చెబుతుంది, ఇంకొకటి డయాపర్ మార్చలేదని.

ఇంకో జాగ్రత్త. చామనఛాయ, నలుపు చర్మం మీద 1వ దశ ఎరుపు కంటికి ఆనదు, నొక్కితే తెల్లబడుతుందా లేదా అన్న పరీక్ష కూడా తేలదు. చేతి వెనక భాగంతో తాకి వేడి చూడాలి, పక్క చర్మంతో పోల్చి గట్టిదనం చూడాలి, నొప్పికి ముఖం ముడుస్తున్నారేమో గమనించాలి.

నీరు, బరువు

సోడియం 158 అంటే ఒక పూట నీళ్లు మర్చిపోయినందుకు వచ్చే అంకె కాదు. వృద్ధ మహిళలకు వాడే లెక్క ప్రకారం 45.5 × 0.45 × (158/140 − 1), అంటే సుమారు 2.6 లీటర్ల నీటి లోటు. జ్వరం వల్ల కొంత పోయి ఉండొచ్చు, మూత్రం ఎక్కువగా వెళ్లే మాత్రలు వాడుతుంటే దానివల్ల కొంత. అందుకే మందుల జాబితా చూసి, అలాంటి మాత్ర లేదని అధికారులకు పంపే రిపోర్ట్‌లో చెప్పాల్సి వచ్చింది. చర్మం గిల్లి చూసే పరీక్షను వృద్ధుల విషయంలో సాక్ష్యంగా పెట్టొద్దు. వయసుతో చర్మం సాగిపోయి ఎలాగూ మెల్లగానే వెనక్కి వెళ్తుంది.

మూడు నెలల కిందట కేర్ హోమ్ రాసిన బరువు 52 కిలోలు. 45.5తో పోలిస్తే 6.5 కిలోలు, 12.5 శాతం తగ్గుదల. పెద్ద అంకె, రిపోర్ట్‌లో వేసేయాలని చేయి లాగుతుంది. అయితే అందులో కొంత నీరే. నీటి లోటు తీరాక, నాలుగో రోజు అదే స్కేల్ మీద బరువు 47.9. అసలు తగ్గింది 4.1 కిలోలు, దాదాపు 7.9 శాతం. నెలలో 5, మూడు నెలల్లో 7.5, ఆరు నెలల్లో 10 శాతం దాటితే తీవ్రమైన తగ్గుదలగా లెక్కిస్తారు. 7.9 ఆ గీత దాటింది, ఎవరూ కొట్టేయలేని అంకె కూడా. రిపోర్ట్‌లో రెండూ వేసి, తేడా ఎందుకో ఒక వాక్యంలో రాశారు. ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) తక్కువగా ఉందని మాత్రం తిండి లేకపోవడానికి రుజువుగా వాడలేదు. ఇన్‌ఫెక్షన్‌లో కూడా అది పడిపోతుంది.

నివారించగలిగినదేనా?

పుండు తప్పనిదా, తప్పించగలిగినదా అన్నది తేల్చడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ప్రమాదాన్ని ముందే అంచనా వేశారా? దానికి తగిన పనులు చేశారా? అవి ఫలిస్తున్నాయా అని చూశారా? ఫలించకపోతే పద్ధతి మార్చారా? నాలుగింటికీ "అవును" అయి, అయినా పుండు పడితే అది నిర్లక్ష్యం కాదు.

కేర్ హోమ్‌లో చేరిన రోజు బ్రేడెన్ స్కోరు (ఒత్తిడి పుండు పడే ప్రమాదాన్ని అంచనా వేసే లెక్క) 12 అని రాసి ఉంది. ఈ స్కోరు 6 నుంచి 23 దాకా ఉంటుంది, తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 18, అంతకు తక్కువైతే ప్రమాదం ఉన్నట్టు, 10 నుంచి 12 అయితే ఎక్కువ ప్రమాదం. అంటే మొదటి ప్రశ్నకు జవాబు అవును. ఇది కేర్ హోమ్‌కు అనుకూలం అనుకుంటే పొరపాటు. ప్రమాదం తెలుసని వాళ్లే రాసుకున్నారు కాబట్టి తర్వాతి మూడు ప్రశ్నల బరువు వాళ్ల మీదే పడింది. గాలి పరుపు వాడాలని ప్లాన్‌లో ఉంది, వాడినట్టు ఎక్కడా లేదు. 14 నెలల్లో మళ్లీ స్కోరు వేయలేదు.

చార్ట్‌లు చదవడం

చికిత్స కొనసాగించడానికి కావాలంటూ రాత్రి 8:15కి గత 14 రోజుల చార్ట్‌లు అడిగారు. ఇది మామూలు అభ్యర్థనే, ఎవరికీ అనుమానం రాదు. 9 గంటలకు స్కాన్ వచ్చింది. వచ్చిన సమయం కనిపించేలా దాన్ని అలాగే భద్రపరిచారు. కేసు మొత్తం ఈ ముప్పావు గంట పని మీదే నిలబడింది.

పక్క మార్చిన చార్ట్‌లో రెండు గంటలకోసారి టిక్కు. 16వ తేదీ రాత్రి 12 నుంచి 6 వరకు మాత్రం గళ్లు ఖాళీ. 19వ తేదీ వరుసలో రాత్రి 8కి ఒక టిక్కు, 10కి ఇంకొక టిక్కు. 8కి ఆమె క్యాజువాలిటీ స్ట్రెచర్ మీద ఉన్నారు, 10 అప్పటికింకా కానే లేదు. షిఫ్ట్ మొదట్లోనే రాత్రంతటికీ టిక్కులు పెట్టేసే అలవాటు ఇలాగే దొరుకుతుంది. ఒక పేషెంట్ ఆసుపత్రికి వెళ్లిన రోజు, ఇంటికి వెళ్లిన రోజు, ఆ రెండు రోజుల గళ్లు ముందు చూడాలి.

వారం తర్వాత ఇవే పేజీలు తనిఖీ అధికారులకు చేరినప్పుడు 16వ తేదీ ఖాళీలు నిండి ఉన్నాయి, 19వ తేదీ 8, 10 గంటల టిక్కులు లేవు. రెండు కాపీలు పక్కపక్కన పెట్టాక ఇంకెవరూ వాదించలేదు.

భోజనం చార్ట్‌లో పూట పూటకీ "పూర్తిగా తిన్నారు". నీళ్ల చార్ట్‌లో "ఇచ్చాం" అనే మాట తప్ప ఎన్ని మిల్లీలీటర్లో లేదు. వృద్ధ మహిళకు రోజుకు కనీసం 1.6 లీటర్ల పానీయాలు అందాలన్నది అంతర్జాతీయంగా వాడే సూచన. మాట పోయి, గ్లాసు అందుకోలేని మనిషికి "ఇచ్చాం" అంటే మంచం పక్కన పెట్టి వెళ్లారనే అర్థం కూడా రావచ్చు. బరువు రికార్డులో మూడు నెలల కిందట 52, ఆ తర్వాత రెండు నెలలూ 51.8. దశాంశంతో సహా అదే అంకె రెండుసార్లు వస్తే తూచారా, పై వరుస చూసి ఎక్కించారా అని అడగాలి.

మందుల చార్ట్‌ను మాత్రలతో సరిచూడాలి. థైరాయిడ్ మాత్రలు 1వ తేదీన కొత్త సీసా, 30 మాత్రలు. రోజూ ఉదయం ఒకటి చొప్పున 19వ తేదీకి 11 మిగలాలి. వెంట పంపిన సీసాలో 20 ఉన్నాయి. చార్ట్‌లో 19 సంతకాలు. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండి, ఇద్దరూ సంతకం చేసి, సీసాను కవర్‌లో పెట్టి సీల్ వేయాలి.

ఆయా మీద పడొద్దు

"పక్క మార్చామమ్మా, చార్ట్‌లో ఉంది కదా" అని వెంట వచ్చిన ఆయా అన్నది. అలాంటి మాటను ఉన్నదున్నట్టు కొటేషన్లలో, సమయంతో రాసి వదిలేయాలి. నిలదీయడం ఆసుపత్రి పని కాదు. భయపెడితే అక్కడ అసలు సంగతి తెలిసిన ఒక్క మనిషి నోరు మూసుకుంటుంది.

డ్యూటీ రోస్టర్ అడిగి చూస్తే విషయం వేరుగా కనిపించింది. రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా 24 మందికి ఒక్క ఆయా. అందులో తొమ్మిది మంది పూర్తిగా మంచంలో ఉన్నవాళ్లు. పక్క మార్చి, డయాపర్ మార్చి, చర్మం చూడటానికి ఇద్దరుంటే మనిషికి 10 నిమిషాలు. ఒక్కరే అయితే 15 నిమిషాలకు తగ్గదు. తొమ్మిది మందికి 135 నిమిషాలు. బెల్ మోగకపోయినా, ఇంకెవరూ బాత్రూమ్‌కు లేవకపోయినా, రెండు గంటల రౌండ్ రెండు గంటల్లో పూర్తవదు. చార్ట్‌లోనేమో తొమ్మిది మందికీ సరిగ్గా 12:00, 2:00, 4:00. ఈ లెక్కను రిపోర్ట్‌లో మూడు వరుసల్లో పెట్టడం వల్ల విచారణ ఆయాను తీసేసి చేతులు దులుపుకోవడంతో ఆగలేదు. సిబ్బందిని అంతే పెట్టినవాళ్ల దాకా వెళ్లింది. సంరక్షణ సంస్థల సిబ్బందిలో ముగ్గురిలో ఇద్దరు గత ఏడాదిలో వృద్ధుల పట్ల తప్పుగా ప్రవర్తించామని ఒప్పుకున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతమంది దుర్మార్గులు ఒకేచోట చేరడం జరిగే పని కాదు, ఎక్కువ భాగం ఇలాంటి రోస్టర్లలోంచే పుడుతుంది.

ఆమెను అడగడం

మాట రాదు కాబట్టి అడగనవసరం లేదనుకోవడం ఈ కేసుల్లో తరచూ జరిగేదే. సోడియం తగ్గి తెలివి నిలకడగా వచ్చాక, ఐదో రోజు ఉదయం, కేర్ హోమ్ మనుషులు గానీ బంధువులు గానీ లేనప్పుడు, స్పీచ్ థెరపిస్ట్ సాయంతో బొమ్మల కార్డులు చూపించి అడిగారు. ఒకే ప్రశ్నను రెండు రకాలుగా, జవాబు తారుమారయ్యేలా వేయాలి: "రాత్రి పక్క మార్చేవాళ్లా?", "రాత్రంతా ఒకే పక్కన ఉండేవారా?" రెండింటికీ "అవును" వస్తే ఆ జవాబు లెక్కలోకి రాదు. ఆమె మొదటిదానికి కాదని, రెండోదానికి అవునని తల ఊపారు. అక్కడికే తిరిగి వెళ్తారా అంటే ఎడమచేత్తో కార్డు తోసేశారు. రిపోర్ట్‌లో "కార్డును ఎడమచేత్తో పక్కకు నెట్టారు" అనే ఉంది, "భయపడ్డారు" అని లేదు.

విషయం అర్థం చేసుకుని, గుర్తుంచుకుని, మంచిచెడ్డలు బేరీజు వేసుకుని, ఏదో ఒక విధంగా తెలపగలిగితే ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి ఉన్నట్టే. ఆమె "ఫిర్యాదు వద్దు" అని ఉంటే ఆ మాటా రాయాలి. అప్పుడైనా అదే హాల్లో ఇంకా ఎనిమిది మంది మంచంలో ఉన్నారు కాబట్టి రిపోర్ట్ ఆగదు.

రిపోర్ట్ ఎలా రాశారు, ఎక్కడికి పంపారు

రుజువు దొరికేదాకా ఆగాల్సిన పని లేదు, సహేతుకమైన అనుమానం చాలు. రుజువు వెతకడం విచారణ చేసేవాళ్ల పని. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో కేర్ హోమ్‌లకే గడువు ఉంది: హింస ఆరోపణ గానీ తీవ్రమైన గాయం గానీ ఉంటే 2 గంటల్లోపు, లేకపోతే 24 గంటల్లోపు తెలియజేయాలి. చట్టం ఎక్కడ ఏం చెప్పినా ఆసుపత్రి తనకు తానుగా ఈ గడువే పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ మొదటి కాల్ రాత్రి 8:40కి, కేర్ హోమ్‌కు లైసెన్స్ ఇచ్చిన అధికార సంస్థకు. ఎత్తినవారి పేరు, హోదా, సమయం, రిఫరెన్స్ నంబర్ కేస్ షీట్‌లో రాశారు. తీవ్రమైన గాయం ఉంది కాబట్టి వెంటనే పోలీసులకు. రాతపూర్వక రిపోర్ట్ మరుసటి ఉదయం. కేర్ హోమ్ యాజమాన్యానికి చెప్పింది ఆ తర్వాతే. మామూలుగా ముందు వాళ్లకు చెప్పడం మర్యాద, కానీ రికార్డులు తిరగరాసే అవకాశం ఉన్న చోట ఆ వరుస తిప్పాలి.

రాసిన తీరు ఇది. "దారుణంగా వదిలేశారు, పుండు కుళ్లిపోయింది" అనలేదు. "19వ తేదీ సాయంత్రం 7:05కి త్రికాస్థిపై 7 × 5 సెంటీమీటర్ల పుండు, పూర్తిగా నల్లపెచ్చుతో కప్పి ఉంది, ఫొటో 1, 2. వెంట వచ్చిన ఉత్తరంలో పుండు ప్రస్తావన లేదు. చార్ట్‌లో 8, 10 గంటలకు పక్క మార్చినట్టు ఉంది, ఆ సమయానికి పేషెంట్ ఆసుపత్రిలో ఉన్నారు." చూసింది ఒక పేరాలో, విన్నది ఎవరన్నారో చెప్పి ఇంకో పేరాలో, అనుమానం చివర్లో ఒక్క వాక్యంలో. రెండు పేజీలు దాటలేదు.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, డాక్టర్ పంపారని నర్సు, నర్సు పంపిందని సోషల్ వర్కర్ అనుకోవడం దగ్గర. కేస్ షీట్‌లో "రిపోర్ట్ చేసినవారు" అని ఒకే పేరు ఉండాలి. కుటుంబం దగ్గర ఫోన్ ఫొటోలుంటే ఒరిజినల్ ఫైళ్లు తీసుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని కొడుక్కి, కూతురికి మొదటి రోజే చెప్పాలి. కోపంలో పెట్టేస్తారు, తర్వాత కేసు పరువు నష్టం వైపు తిరుగుతుంది.

ఏం తేలింది

అధికారులు ముందు చెప్పకుండా వెళ్లారు. అదే హాల్లో ఇంకో ఇద్దరికి పుండ్లు కనిపించాయి. పక్క మార్చకపోవడం, నీరు అందకపోవడం, రికార్డులు దిద్దడం, రాత్రి సిబ్బంది చాలకపోవడం, నాలుగూ నిలిచాయి. కొత్తగా ఎవరినీ చేర్చుకోకుండా ఆపి, రాత్రి డ్యూటీకి కనీసం ముగ్గురుండాలని షరతు పెట్టారు. ఆమె వేరే కేర్ హోమ్‌కు వెళ్లారు. పుండు కొలతలతో, ఫొటోలతో, ఎన్ని గంటలకు పక్క మార్చాలో రాసిన డిశ్చార్జ్ సమ్మరీ వెంట వెళ్లింది.

ఒక అంశం మాత్రం నిలవలేదు. ఆసుపత్రిలో చేరిన 30 గంటలకు కుడి మడమ మీద 3 × 2 సెంటీమీటర్ల ఊదా నలుపు మచ్చ కనిపించింది. చర్మం చెక్కు చెదరలేదు. లోపలి కండకు దెబ్బ తగిలినప్పుడు అది పైకి కనిపించడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది కాబట్టి మూలం కేర్ హోమ్‌లోనే అని అనుబంధ రిపోర్ట్‌లో రాశారు. విచారణాధికారి ఆసుపత్రి రికార్డు కూడా తెప్పించారు. క్యాజువాలిటీ స్ట్రెచర్ మీద 5 గంటల 20 నిమిషాలు, అందులో ఒక్కసారి కూడా పక్క మార్చినట్టు గానీ, మడమలు చూసినట్టు గానీ ఎంట్రీ లేదు. వచ్చినప్పుడు మడమ ఎలా ఉందో ఎక్కడా లేదు కాబట్టి ఆ అంశాన్ని "తేల్చలేనిది"గా మూసేశారు. ఇప్పుడు అక్కడి క్యాజువాలిటీ కేస్ షీట్‌లో రెండు గళ్లు చేరాయి: వచ్చిన వెంటనే చూసిన కుడి, ఎడమ మడమల స్థితి, స్ట్రెచర్ మీద పక్క మార్చిన సమయం.